తెల్ల వైరు

మనవడు టీవీ వెనక రంగురంగుల వైర్లు గుచ్చుతుంటే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వాసనకు నేను మళ్లీ పదేళ్లవాణ్ణయ్యాను.

అప్పట్లో డోర్నకల్ మొత్తంలో ఆ వైర్లు కలపడం తెలిసింది నాకొక్కడికే. సరే, మా వాడలో. నిజానికి కలిపి వెళ్లింది వీసీఆర్ కిరాయికిచ్చినాయన. పసుపుది బొమ్మకు, తెల్లది మాటకు అని నేను చూసి నేర్చుకున్నాను, అంతే.

ఆ మధ్యాహ్నం మా అక్క పెళ్లి క్యాసెట్ వేశారు. అక్క మహదేవపూర్‌లో అత్తగారింటికి పోయి ఆర్నెల్లయింది. చూపు పోయిన మా అవ్వ, అక్క గొంతు విందామని టీవీకి ఆనుకుని కూర్చుంది. పెళ్లిలో అప్పగింతలప్పుడు నేను బొబ్బలు పెట్టి ఏడ్చాను. అది వాడంతా వింటుందని భయపడి, క్యాసెట్ మొదలుకాకముందే తెల్ల వైరు పీకి లాగు జేబులో దాచాను. మాట లేకపోతే ఏడుపు కనపడదనుకున్నాను!

మాట రావట్లేదని బాపు టీవీ నెత్తిన రెండు దెబ్బలేసి ఊరుకున్నాడు. అప్పగింతలొచ్చాయి. బొమ్మలో నా నోరు ఇంత తెరుచుకుంది. అందరూ పకపకా నవ్వారు.

“అందరు నవ్వుతున్నరు, పిల్ల గొంతేదిరా?” అంది అవ్వ.

“క్యాసెట్ల మాటలు లెవ్వు అవ్వా.”

“గట్లనా? అక్క ఏం జేస్తున్నదో జర నువ్వే చెప్పు బిడ్డా.”

“నవ్వుతున్నది.”

“మరి నువ్వో?”

“నేను గూడ.”

ఈ కథ చెప్పినప్పుడల్లా, వెంటనే లేచి వైరు పెట్టేశాననీ, అక్క గొంతు విని అవ్వ మురిసిపోయిందనీ చెబుతుంటాను. పెట్టలేదు. క్యాసెట్ అయిపోయేదాకా అవ్వ చెవి టీవీ వైపే ఉంది.