ఆదివారం ఆగని చెరుకు

శనివారం పొద్దున్నే చెరుకు కొట్టించాం. మధ్యాహ్నానికి గానుగ మోటారు కాలిపోయింది. చోడవరం నుంచి మెకానిక్ వచ్చి బాగుచేసేసరికి చీకటి పడింది. మర్నాడు ఆదివారం. ఆదివారం మా ఇంట్లో అన్నం వండడం, పశువులను చూడడం తప్ప మరో పని ఉండదు. గానుగ ఆడదు.

నాకు జ్వరం తగ్గితే ఆ చెరుకుతో కట్టిన మొదటి బెల్లం దిమ్మను చర్చిలో కోతపండుగకు అర్పిస్తానని అమ్మ మొక్కుకుంది. జ్వరం తగ్గింది. దిమ్మే మిగిలింది.

అప్పుడు నేను డిగ్రీలో బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ఆదివారం ఆరాధనలో కూర్చున్నానే గానీ, మనసంతా చెరుకు కట్టలున్న కళ్లంలో ఉంది. కొట్టిన చెరుకులో ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ పంచదారను రెండుగా విరుస్తుంది. విరిగిన తీపి బెల్లంగా గట్టిపడదు. ఎంజైమ్ మాత్రం అరిగిపోదు. ఒకదాన్ని విరిచి, వదిలి, మరోదాన్ని పట్టుకుంటుంది. పంచదార తక్కువగా ఉంటే అది దొరకడానికే సమయం పడుతుంది. ఎక్కువైతే ఎంజైములన్నిటికీ చేతినిండా పని; ఇంకెంత పోసినా వేగం పెరగదు. పుస్తకంలో గీత పైకి లేచి, వంగి, అడ్డంగా సాగేది అందుకే. పండిన చెరుకులో పంచదారకు కొరతేముంది? ఆ కట్టల్లో పని గరిష్ఠ వేగంతోనే సాగుతోంది. ఇక దాన్ని పెంచేది ఎండ ఒక్కటే. ఆ ఎండ మందిరం కిటికీలోంచి నా మోకాళ్ల మీదే పడుతోంది.

ఇంటికి రాగానే నాన్నను పట్టుకున్నాను.

"నాన్నా, గోతిలో పడ్డ ఎద్దుని విశ్రాంతి దినానైనా పైకి తీస్తారని బైబిల్లో ఉంది కదా?"

"మన చెరుకు ఏ గోతిలో పడిపోనాదే?"

"లోపల ఇరిగిపోతంది. గానుగ ఆడొద్దులే. ఆకు కప్పి నీళ్లు సల్లుదాం. సల్లబడితే నెమ్మదిస్తది."

"అదీ పనే కదేటే!"

అమ్మ అందుకుంది. "పశువుకి నీళ్లెడతన్నాం కదేటండీ ఆదివారం? దీనికీ ఎడదాం."

నాన్న ఆరాధనకు తొడుక్కున్న తెల్లచొక్కా విప్పి, ఎండాకు మోపు భుజానికెత్తుకున్నాడు.

సోమవారం పాకం అచ్చులో పోశాక నేను నిలవలేకపోయాను. మాటిమాటికీ వేలు పెట్టి చూశాను.

"ఒసే గుంటా, వేలు తియ్యవే! గట్టిపడేది కూడా నిన్ను సూసి బెదిరిపోతాది," అంది అమ్మ.

అంచులు గట్టిపడ్డాయి. నడుమ మెత్తగానే ఉంది. అచ్చు తీస్తే దిమ్మ కాసేపు నిలబడి, మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. అమ్మ దాన్ని అలాగే స్టీలు గిన్నెలో పెట్టి కోతపండుగ నాడు మందిరానికి తెచ్చింది.

సంఘపెద్ద గిన్నెలోకి తొంగిచూశాడు. "ఏటమ్మా, దిమ్మ కూకుండిపోనాది?"

"ఆదివారమంతా ఎండలో నిలబడింది బాబూ. అలిసిపోనాది."

అందరూ నవ్వారు. ఆయన గిన్నెను అర్పణకు వచ్చిన గుమ్మడికాయల పక్కన పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరి తలలూ వంగాయి. దిమ్మ కింద పలచటి పాకం గిన్నె అంచువైపు జారుతోంది. ఆమెన్ అనేదాకా నేను కళ్లు మూయలేదు.