సార్ చేతికి నేను వేసిన ముడి

మా కెమిస్ట్రీ సార్ పోయారు. పోయిన గురువారం పొద్దున, ప్రొద్దుటూరులోని ఒక ఆస్పత్రిలో. చూడవచ్చినవాళ్లంతా "సుఖంగా పోయినాడులే" అంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతోంది. సుఖంగా పోలేదు. నేను పక్కనే ఉన్నాను.

జమ్మలమడుగు కాలేజీలో మాకు రెండేళ్లు పాఠం చెప్పారు. ల్యాబులో ఉప్పు కరగలేదని గొణిగితే గాజు కడ్డీ చేతికిచ్చి, "ఉప్పునేంటికి తిడతావురా? కలిపినావా? అడుగున ఏం పేరుకుందో చూసినావా?" అనేవారు. అజిటేషన్ అంటే ఏమిటో రాయమంటే మాలో ఒకడు ధర్నా అని రాశాడు. సార్ నవ్వి సగం మార్కు వేశారు. "బీకరులోది మనం కదిలిస్తే కదుల్తాది, రోడ్డు మీదది కడుపు మండితే కదుల్తాది" అన్నారు. ఈ రోజు నేను నాలుగు వాక్యాలు తిన్నగా రాస్తున్నానంటే ఆయన ఎర్ర సిరా చలవే.

ఒక ఎండాకాలం హాస్టల్‌కు నీళ్లు రాకపోతే మాతోపాటు రోడ్డు మీద కూర్చున్నారు. "ముందు ఆందోళన విరమించండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు వచ్చిన అధికారి.

"ముందు పోయి కొళాయి తిప్పి చూడప్పా. నీళ్లొస్తే మేమే లేస్తాం" అన్నారు సార్.

ఆ అధికారి చూడలేదు, పోలీసు వ్యాను పిలిపించాడు. ఆ సాయంత్రం సార్ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని మా ల్యాబ్ రికార్డులు దిద్దారు.

పక్షవాతంతో మాట పడిపోయి ఆస్పత్రిలో చేరాక నేను తోడుగా ఉన్నాను. ఒక పొద్దున మంచం మీద సార్ ఒకటే పెనుగులాట. దుప్పటి లాగేస్తారు, లేవబోతారు. కేస్ షీట్‌లో అజిటేషన్ అని రాశారు. "శానా ఆందోళనగా ఉండాడన్నా, చేతులు కట్టాల, గట్టిగా పట్టుకో" అంది నర్సు. ఎందుకని ఆమె అడగలేదు, డాక్టరు అడగలేదు. ఆయన దగ్గర చదువుకున్న నేనూ అడగలేదు. కుడిచేతి ముడి నేనే వేశాను. సార్ నా ముఖంలోకే చూస్తూ ఉన్నారు.

పులివెందులలో కూతురి దగ్గరున్న మేడం, అంటే సార్ భార్య, సాయంత్రానికి వచ్చి దుప్పటి ఎత్తి చూశారు.

"ఏందిరా ఇది? మూత్రం గొట్టం తొడ కింద మడత పడిండాది. ఎవురూ చూడలేదా?"

మడత విప్పారు. సంచి నిండుతుంటే పెనుగులాట దానంతటదే ఆగిపోయింది. చదివేవాళ్లు నన్ను క్షమించనక్కర్లేదు.

నేను కట్టు విప్పబోయి లాగితే ముడి ఇంకా బిగుసుకుంది. మేడం కత్తెరతో కోశారు. మూడో రోజు పోయేదాకా సార్ మణికట్టు మీద ఆ గుడ్డ అచ్చు పోలేదు.