గుమ్మంలో యక్షిణి

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. ఆదివారం మధ్యాహ్నం షాపు మీది గదిలో మాత్రం ఆయన కథలన్న. అక్కడ ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గుప్పెడు పాచికలు. కథలన్న కథ చెబుతుంటే మిగతా ముగ్గురూ, ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, ఒక లెక్కల టీచరమ్మ, అందులో తలా ఒక పాత్రగా మాట్లాడతారు. కత్తి తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. జుట్టు నెరిశాక ఈ పిల్లాటలేమిటని కింద ఓనరు నవ్వుతాడు. నవ్వనీ. వారమంతా మిషన్ రొద తప్ప మనిషి గొంతు సరిగ్గా వినని వాడికి ఆ మధ్యాహ్నం విలువెంతో ఓనరుకేం తెలుసు.

పైగా అవి పిల్లాటలూ కావు. ఆయన కథల్లో పిశాచాలంటే వట్టి కోరలూ గోళ్ళూ కాదు. వాటికి ఆకలి ఉంటుంది, కోరిక ఉంటుంది. మగవాణ్ణి పక్కలోకి పిలిచి ప్రాణం తాగేసే యక్షిణికి కూడా ఒక గోడు ఉంటుంది. అలాంటి చోట చొంగ కార్చుకునే వాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. ఒకసారి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఒకడు యక్షిణి ఒంటి సంగతి ఇంకాస్త చెప్పమని ఇకిలిస్తే, పాచికలు డబ్బాలో వేసి మెట్లు చూపించాడు. పడగ్గది తలుపు దాకానే కథ. ఆ పైన తెల్లారిపోతుంది.

భయాల విషయంలోనూ ఆయనకి పట్టింపే. కొత్త కథ మొదలెట్టే ముందు, ఏది రాకూడదో ఒక్కొక్కరినీ అడుగుతాడు. పసిపిల్లల చావు వద్దంది నర్సు. రోడ్డు ప్రమాదాలు వద్దన్నాడు బస్సు డ్రైవరు. అప్పటికీ ఎవరికైనా గుండె బరువెక్కితే, బల్ల మధ్యలో ఉన్న ఎర్ర అట్టముక్క మీద చెయ్యి పెట్టాలి. కథ అక్కడే ఆగి వేరే దారి పడుతుంది. ఎందుకని ఎవరూ అడగకూడదు, ఆటలోనూ, ఆట అయ్యాకా. లెక్కల టీచరమ్మ ఒకసారి చెయ్యి పెట్టింది. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, అందుకే ఆమె ఇంకా వస్తోంది. కథలన్నకి ఏది వద్దో మాత్రం ఎవరూ అడగలేదు. కథ చెప్పేవాడికి భయమేమిటని ఆయనా అనుకున్నాడు.

ఒక ఆదివారం కథలో డ్రైవరు పాత్ర అయిన ముసలి సిపాయి ఇంటి గుమ్మంలోకి యక్షిణి వచ్చింది. ఎవరి రూపంలో వచ్చిందో నువ్వే చెప్పమన్నాడు కథలన్న. ఇల్లొదిలి వెళ్ళిపోయిన సిపాయి భార్య రూపంలో అన్నాడు డ్రైవరు. సరే, ఇక కత్తి దూస్తాడులే అనుకున్నారు అందరూ. పాచికలు గుప్పిట్లోకి తీసుకున్నవాడు మళ్ళీ కింద పెట్టేశాడు.

"ఎందుకెళ్ళిపోయావు నువ్వు?" అని యక్షిణిని అడిగాడు, మెల్లగా.

యక్షిణి తరఫున జవాబు చెప్పాల్సింది కథలన్నే. ఆయన భార్య కూడా ఒక పొద్దున సంచీ పట్టుకుని వెళ్ళిపోయింది. పుట్టింటికెళ్ళిందని వీధిలో చెప్పుకొచ్చాడు. కొన్నాళ్ళకి వీధీ అడగడం మానేసింది. వెళ్ళక ముందు ఎన్నో రోజులు ఆమె బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. చెప్పాలనుకుంటే తనే చెబుతుంది, మనం కెలకడమెందుకని ఈయన ఊరుకున్నాడు. అదే మర్యాద అనుకున్నాడు.

"కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. నీకు వినపడేది," అంది యక్షిణి, కథలన్న గొంతుతో. "ఏమైందని ఒక్కసారైనా అడిగావా?"

ఆయన చెయ్యి వెళ్ళి ఎర్ర అట్ట మీద పడింది.

నర్సు నీళ్ళ సీసా ఆయన వైపు జరిపింది. టీచరమ్మ కాగితాలు సర్దుకుంది. సిపాయి తలుపేసుకుని పడుకున్నాడని డ్రైవరు అనగానే కథ అడవి దారి పట్టింది. ఆయన నేర్పింది నేర్పినట్టు చేశారు, ఎందుకని అడగలేదు, ఒక్కరూ తప్పలేదు. వాళ్ళని చూసి ఆయనకి గర్వమేసింది. ఒక్కరైనా తప్పితే బాగుండునని ఏడుపూ వచ్చింది.

చీకటి పడుతుంటే ఆడవాళ్ళిద్దరూ ముందు దిగారు. డ్రైవరు గుమ్మం దగ్గర చెప్పులేసుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"అన్నా..." అన్నాడు.

కథలన్న తలెత్తాడు.

"వచ్చేవారం ఆట ఉంటుందిగా?"

"ఉంటుంది తమ్ముడూ."

డ్రైవరు దిగిపోయాడు. కింద షట్టరు చప్పుడయ్యాక కూడా కథలన్న మెట్ల పైనే నిలబడి ఉన్నాడు, ఏదో మర్చిపోయానని వెనక్కి వస్తాడేమోనని, వస్తే ఈసారి అడుగుతాడేమోనని.