కామమ్మ ఫ్రెష్ అంటే ఫ్రెష్

మా తోటికోడలు కామమ్మకు ఇంగ్లీషులో గట్టిగా వచ్చింది ఒకే ఒక్క మాట. ఆ ఒక్క మాటకే నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. పోసుకోనా మరి? విని మీరే చెప్పండి.

భీమిలి అవతల నుంచి ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి, జంగ్లీఘాట్‌లో పక్కపక్కనే పాకలు వేసుకున్నాం. మా ఆయన నూకన్న, ఆయన తమ్ముడు రాముడు. ఇద్దరిదీ ఒకటే పడవ, ఒకటే వల. చేపలు ఒడ్డుకు రాగానే మా అత్త ముసలమ్మ వాటిని రెండు పోగులు పెట్టేది. కోడళ్ళలో ఒకరం సముద్రం వైపు తిరిగి నిలబడాలి. అత్త ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిదని అడుగుతుంది. వెనక్కి చూడకుండా పేరు చెప్పాలి. ఇక పేచీ ఉండదు. అందుకే ముందే చెబుతున్నాను, నా గంపలో చేపా కామమ్మ గంపలో చేపా ఒకటే. అయినా అబర్డీన్ బజారు దాటి డెలానీపూర్ క్వార్టర్ల దాకా తిరిగితే, పొద్దెక్కకముందే దాని గంప ఖాళీ. నాది మిట్టమధ్యాహ్నమైనా సగం బరువుండేది.

మా వీధి చివర దయావతి టీచరమ్మ ఉండేది. తెలుగు చర్చికి వెళ్ళే మనిషి, పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. డెలానీపూర్‌లో కొత్తగా దిగిన మదరాసు మేమ్‌సాబ్‌కు హిందీ రాదు, ఏం చెప్పి అమ్మాలని కామమ్మ టీచరమ్మని అడిగిందట. అయినా బజారంతా తాజా తాజా అని అరిచే అరుపుకి విలువెక్కడుంది? కుళ్ళినదీ తాజాయే. టీచరమ్మ దానికి ఫ్రెష్ అన్న మాట ఇచ్చింది. ఊరికే ఇచ్చిందా, వాక్యాల్లో పెట్టి వల్లె వేయించింది. పొద్దున పట్టిన నీళ్ళు చూపించి దిస్ వాటర్ ఈజ్ ఫ్రెష్. రాత్రి మిగిలిన అన్నం చూపించి దిస్ రైస్ ఈజ్ నాట్ ఫ్రెష్.

ఇంక కామమ్మ కంటికి కనిపించిన ప్రతిదాని మీదా ఆ మాట పెట్టి చూసుకునేది. అత్త చద్దన్నం ముందు కూర్చుంటే నాట్ ఫ్రెష్ అత్తా అనేది. నా మాటకు ఏనాడూ పెదవి కదపని ముసలిది పొట్ట పట్టుకుని నవ్వేది. మా ఆయన కూడా, మరదలు దొరసాని అయిపోయిందని మురిసిపోయేవాడు. నన్ను కట్టుకున్నవాడు నన్నొక్కసారైనా అంతమాట అన్నాడా? నేను పొయ్యి ఊదుతూ అవన్నీ విని పళ్ళు కొరుక్కునేదాన్ని.

నాకు మాత్రం నోరు లేదా? తడిక ఇవతల నుంచి నేనూ ఆ మాట పట్టేశాను. మాట ఒక్కటే పట్టాను, ఆ నాట్లూ ఈజులూ నాకెందుకు? మర్నాటి నుంచి గంప దింపకముందే ఫ్రెష్ అనేదాన్ని. వంజరం ఫ్రెష్, కానాగంతలు ఫ్రెష్, ఆఖరికి ఎండు నెత్తళ్ళు కూడా ఫ్రెష్. క్వార్టర్లలో అమ్మగార్లు నవ్వి తలుపు వేసుకునేవారు. కామమ్మ గొంతు వినబడితే మాత్రం పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చేవారు. అది చూస్తే ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

ఒక వానాకాలం గాలి పట్టి పడవ కదల్లేదు. ముందురోజు చేపను ఐసులో పెట్టి దాన్నే పంచుకున్నాం. మదరాసు మేమ్‌సాబ్ ఇంటికి చుట్టాలు వస్తున్నారని తెలిసి, కామమ్మ కంటే ముందే వెళ్ళి ఆవిడ మెట్ల మీద గంప దింపాను. ఆ ఇంటి వాడిక బేరం నాది కావాలి. ఆ ఒక్క ఇల్లు నాదైతే చాలు, మా ఇంట్లో నా మాటకూ నవ్వుతారు, నన్నూ దొరసాని అంటారు అనిపించింది. మేమ్‌సాబ్ వచ్చి ఫ్రెష్ చేపేనా అని అడిగింది. ఫ్రెష్ అన్నాను. వంజరం ముక్కలు పళ్ళెంలోకి చేరాయి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కామమ్మ ప్రత్యక్షం. మేమ్‌సాబ్ దాన్నీ అదే మాట అడిగింది.

కామమ్మ నన్ను చూసింది, తన గంప చూసుకుంది.

"నాట్ ఫ్రెష్, మేమ్‌సాబ్. ఎస్టర్‌డే ఫిష్. పులుసు గుడ్."

మావి ఒకే పడవ చేపలని ఆవిడకు తెలుసు. పళ్ళెంలోవి ఒక్కొక్కటే తీసి నా గంపలో పెట్టేసింది. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. పెట్టేసి ఏం చేసిందనుకున్నారు? పులుసుకని కామమ్మ గంపలోవి తీసుకుంది! అదే వల, అదే ఐసు, అదే చేప.

దారంతా దాన్ని కడిగేశాను. తోడబుట్టినదానిలా చూసుకుంటే నా నోట మట్టి కొట్టావన్నాను. ఇల్లు వచ్చేముందు అది ఒక్క మాటంది.

"అడిగితే ఇంకోలా సెప్పడం నాకు రాదక్కా."

ఇంట్లో మాత్రం కామమ్మ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాలుగు తిట్టి తృప్తిపడేదాన్ని. మంచితనం కూడా దాని వైపే పోయింది.

కొన్నాళ్ళకు కామమ్మ పురిటి మంచం ఎక్కింది. అత్త రెండు పోగులూ నా గంపలోనే వేసింది. ఇదే అదను, అది లేచేసరికి మేమ్‌సాబ్ వాడిక నాదై ఉండాలి అనుకున్నాను. ఆవేళ వలలో పడింది కొంచెమే. గంపలో పైన పొద్దుటి చేప, అడుగున నిన్నటి ఐసు చేప. మేమ్‌సాబ్ అనుమానంగా చూస్తూ ఫ్రెషేనా అంది. నాకు అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒక్క చేప అటూ ఇటూ అయినా, కామమ్మ వచ్చాక చూద్దాంలే అంటుంది. ఆ పేరు ఆవిడ నోట వినడం నా వల్ల కాదు. దాన్ని గెలవాలంటే దాని దారినే పోవాలి. పై చేప తీసి చూపించి దిస్ ఫ్రెష్ అన్నాను. అడుగు చేప తీసి చూపించి దిస్ నాట్ ఫ్రెష్, ఎస్టర్‌డే అన్నాను.

మేమ్‌సాబ్ మొహం విప్పారింది. రెండూ తీసుకుంది. గెలిచాననుకున్నాను. అప్పటికి నాలుగు హిందీ ముక్కలు నేర్చిన ఆవిడ నవ్వుతూ అడిగింది.

"కామమ్మ నే సిఖాయా?"

కామమ్మ నేర్పిందా అట! నోరు నాది, గంప నాది, చెప్పిన నిజం నాది, పేరు దానిది. పైగా పసిబిడ్డకని మెత్తటి తువ్వాలు ఒకటి నా చేతికే ఇచ్చి పంపింది. దానికి చేప నీళ్ళు అంటకుండా ఎత్తి పట్టుకుని జంగ్లీఘాట్ దాకా నడిచాను.

తువ్వాలు మంచం మీద పడేస్తే కామమ్మ పడుకునే అడిగింది.

"మేమ్‌సాబ్ అడిగితే ఏటన్నావక్కా?"

"నాట్ ఫ్రెష్ అన్నాను."

అది నవ్వింది. వెక్కిరింపు కాదు, పక్కలో బిడ్డ ఉలిక్కిపడేంత సంతోషంగా నవ్వింది. అత్తా నవ్వింది. గుమ్మంలో మా ఆయన కూడా నవ్వాడు. ఆ ఇంట్లో నా మాటకు అందరూ నవ్వడం అదే మొదలు. తీరా చూస్తే ఆ మాట కామమ్మది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. గంప కడుక్కొస్తానని చెప్పి పాక వెనక్కి వెళ్ళి కడుపారా ఏడ్చాను.