కొండ మీద దీపం తీసేసింది నేనే

మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. కొన్నేళ్లుగా ఈ మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. నేనొక దీపం తీసేశాను. నిజం దీపం కాదు, ఫోన్లో ఆడుకునే ఆటలోది. ఇంతేనా అని నవ్వకండి.

ఆ ఆట నేనూ నూకరాజూ కలిసి చేశాం. కాలేజీ స్నేహం. వాడిది జాలరిపేట, నాది పద్మనాభం. రోజూ బస్సు దిగి వాళ్ల మేడ మీది గదికి వెళ్లేవాణ్ణి. కథ వాడిది. లెవెల్స్ నావి, అంటే ఆడేవాడు ఎటు వెళ్లాలి, ఎక్కడ ఏది అడ్డం రావాలి అన్నది నేను కట్టేవాణ్ణి.

సముద్రం మీద వేటకెళ్లిన జాలరి ఇల్లు చేరడమే కథ. ఆడేవాడే ఆ జాలరి. నూకరాజు వాళ్ల నాన్న అలా వెళ్లి తిరిగి రాలేదు. ఆటలోనైనా ఆయన్ని ఒడ్డుకు తేవాలని వాడి కోరిక. చివర్లో ఒడ్డు చేరితే భార్య గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు వాళ్లమ్మదే. ఒక్కసారే చెప్పింది. మళ్లీ అనమంటే తన వల్ల కాదంది.

జాలర్లు ఒడ్డుకు వచ్చేటప్పుడు రెండు గుర్తులు చూసుకుంటారు. దూరాన కొండ మీద దీపం, దగ్గరలో తాటిచెట్టు. రెండూ ఒకే వరసలోకి వస్తే పడవ దారిలో ఉన్నట్టు. పక్కకు జరిగితే రాళ్లు. వాళ్ల నాన్న వాడికి నేర్పిన సంగతి అది. ఆఖరి లెవెల్ మొత్తం దాని మీదే కట్టాను. బాగా కట్టాను కూడా.

ముందుగా తెలిసినవాళ్లకు చూపించినప్పుడు అందరూ కళ్లు తుడుచుకుని వాడి భుజం తట్టారు. నన్ను మంచినీళ్లు ఎక్కడున్నాయని అడిగారు. బాగున్న లెవెల్ ఎవరి కంటికీ ఆనదు, దెబ్బ తగిలితేనే కనబడుతుంది. ఆ కుళ్లుతో, ఆటను బయటికి వదిలే ముందు దీపం తీసేశాను. తాటిచెట్టు ఒక్కటే మిగిలింది. కాస్త అవస్థ పడనీ, తర్వాత పెట్టేద్దాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు కల్పించుకుంటున్నానా? తెలియదు.

కథ బంగారం, ఆఖరి లెవెల్ నరకం, ఎవడు కట్టాడ్రా దీన్ని అని రాశారు జనం. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించాను. ఎవడు కట్టాడని అడిగారు కదా. తర్వాత ఒక్కొక్కరే ఆడటం మానేశారు.

నూకరాజు ఫోన్లో ఉన్నది పాత ఆట. అందులో దీపం వెలుగుతూనే ఉంది.

"నాను ఎప్పుడాడినా ఒడ్డుకొచ్చేత్తన్నాను బావా. ఆళ్లకేటవుతంది?" అన్నాడు.

"నువ్వు ఒడ్డున పుట్టినోడివి బావా. గుర్తుల సంగతి ఆళ్లకేటి తెలుసు? కథలోనే సరిగ్గా సెప్పాల్సింది," అన్నాను.

వాడు ఫోను పక్కన పెట్టేశాడు. "అయితే నాదే తప్పు. మాయమ్మకేటి సెప్పమంటావ్? ఎవులైనా ఇన్నారా అని రోజూ అడుగుతంది."

నేను కిటికీలోంచి పడవలు చూస్తూ కూర్చున్నాను.

దీపం తిరిగి పెట్టడం చిటికెలో పని. కానీ పెట్టగానే జనం ఒడ్డు చేరతారు. తప్పు కథది కాదని వాడికి తెలిసిపోతుంది. అందుకే పెట్టలేదు. చివరికి ఆటనే తీసేశాం. వాడు మళ్లీ కథ రాయలేదు, హార్బర్లో ఐసు పనికి కుదిరాడు. నేను గాజువాకలో ఉద్యోగంలో పడ్డాను. ఆఫీసులో అందరూ సార్ అంటారు. నన్ను బావా అని పిలిచేది వాడొక్కడే. ఆ ఒక్కడి ఫోనూ ఎత్తడం తగ్గించేశాను.

ఈ మధ్య వాళ్లమ్మ పోయింది. ఆట ఉన్న వాడి పాత ఫోను ఎప్పుడో పాడైందట. "నీకాడ ఆట ఉందేటి బావా? అమ్మ గొంతు ఒకపాలి ఇనాలనుంది," అన్నాడు. వెతుకుతానన్నాను. వెతకడానికేముంది, నా దగ్గరే ఉంది.

ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తెరిచాను. దీపం దాని చోట పెట్టాను. తాటిచెట్టు దాని వరసలోకి వచ్చింది. పడవ ఇసుకను తాకింది.

"వచ్చేవా? ఎంతసేపు సూసేనో. కాళ్లు కడుక్కో, అన్నం సల్లారిపోతంది."

ఎవరైనా విన్నారా అని ఆవిడ రోజూ అడిగేది. విన్నది నేను. ఆ మాటకు తగనివాణ్ణి నేనే.

దీపం పెట్టిన ఆటను అలాగే పంపేస్తే వాడికి ఎప్పటికీ తెలియదు. చాలాసేపు అదే ఆలోచించాను. తర్వాత ఆటతో పాటు ఒక్క ముక్క రాసి పంపాను: కొండ మీద దీపం తీసేసింది నేనే బావా, నీ కథలో ఏ తప్పూ లేదు.

వాడు చూశాడు. జవాబు లేదు. రాకపోవచ్చు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది. జాలరిపేటలో వాడిప్పుడు అమ్మ గొంతు వింటూ ఉంటాడు. ఆ గొంతు విన్న ప్రతిసారీ దాని వెనకే నా మాట కూడా గుర్తొస్తుంది.