అట్లకాడ పట్టిన చెయ్యి

మొన్న అట్లకాడ కొందామని నా ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని మంచిర్యాలలో గిన్నెల దుకాణానికి వెళ్లాను. దుకాణం ఆయన ఒకటి వంచి చూపించి, "అంచు సన్నగుండాలె అక్కా. మందముంటే దోశ చిరుగుతది" అన్నాడు.

ఆ అంచు చూడగానే చిన్నప్పుడు మేమున్న బొగ్గుగని క్వార్టరు, బొగ్గు పొయ్యి మీద అమ్మ పెట్టే పెనం గుర్తొచ్చాయి. అమ్మది ఎడమచేతి వాటం. ఓ ఆదివారం మా క్లాసు సునీత, ఆఫీసరుగారి అమ్మాయి, ఇంటికి వచ్చింది. అమ్మ దోశలు తిప్పుతుంటే కళ్లార్పకుండా చూసింది. ఎడమచేత్తో వండుతోందనే చూస్తోందనుకుని నేను సిగ్గుతో తల దించుకున్నాను. అమ్మ నా ముఖం చూసి, అట్లకాడను కుడిచేతిలోకి మార్చుకుంది. ఆ తర్వాత వేసిన దోశలన్నీ చిరిగాయి.

"ఇందాకటివి ఒక్కటీ చిరగలేదు కదా ఆంటీ. అందుకే అలా చూస్తూ ఉండిపోయా" అంది సునీత.

"గా చెయ్యి నొస్తున్నది బిడ్డా" అంది అమ్మ.

దుకాణంలో నా కూతురు కొత్త అట్లకాడను ఎడమచేత్తో పట్టుకుని, గాలిలోనే ఓ దోశ తిప్పింది. నేను అటు తిరిగి చూశాను. నా ముఖం చూసి, దాన్ని కుడిచేతిలోకి మార్చుకుంది.