చక్రాల పరీక్ష

సూట్‌కేసులు బాగుచేసే పెద్దాయన ఎవర్నీ ఓ పట్టాన నమ్మడు, తన పనితనాన్ని అసలే నమ్మడు. చక్రం బిగించాక తన బట్టలే కుక్కి, పెట్టెను వీధి చివరి మలుపుదాకా లాగి చూసి వెనక్కి తిప్పుతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. సముద్రం చూడాలన్న కోరికా ఆ మలుపు దాటలేదు.

ఆవేళ పొద్దున్నే భార్య ఓ కొత్త పెట్టె తెచ్చి, "చక్రం పట్టేస్తోందట, చూడండి" అంది. ఎంత వెతికినా లోపం కనబడలేదు. ఎవరిదే అంటే నీళ్లు నమిలింది. ఇందులో ఏదో తిరకాసుందనుకుంటూనే బట్టలు కుక్కి లాక్కుపోయాడు.

మలుపులో చేతిసంచితో ఆవిడే నిలబడి ఉంది.

"నీకిక్కడేం పని?" అన్నాడు అనుమానంగా.

"చక్రాలు బాగానే ఉన్నాయిగా. సముద్రానికి బస్సు పదింటికి. ఈసారి వెనక్కి తిప్పకండి."